లేత్ మిషను ముందు పసుపు దారం

ఆదివారం పొద్దున సొన్నమ్మకు ఒక పని ఖాయం. వారమంతా కోడలు తొడుక్కుని మాపిన నీలం కోటు ఉతకడం. ఉతకడమంటే ఊరికే నీళ్ళలో ముంచి జాడించడం కాదు, ముందు జేబులు తిరగేసి బాగా దులపాలి. లేకపోతే లోపల చిక్కుకున్న ఇనుప పొట్టు వేళ్ళలో గుచ్చుకుంటుంది. మొదటి వారం అట్లాగే గుచ్చుకుంటే, "మీ ఇస్కూల్లో చదువు చెప్తారా, ముండ్లు నాటతారా?" అని కోడల్ని ఆటపట్టించింది.

కోడలి పేరు అనిత. బెంగుళూరు శివారు చందాపురలోని ఈ వరస ఇళ్ళలో మూడో గదికి కాపురానికి వచ్చి పది నెలలైంది. పీయూసీ చదివింది, మాట తక్కువ, పని ఎక్కువ. ఆడపిల్లలకు మిషనిస్టు పని నేర్పే ట్రైనింగు సెంటరు దగ్గర్లోనే ఉందని తెలిసి, నాలుగు నెలల కిందట భయం భయంగా అత్తను అడిగింది. సొన్నమ్మ రెండో మాట లేకుండా ఒప్పుకుంది. "నేను ఇరవై ఏండ్లు ఇటుకలు మోసి మోకాళ్ళు పోగొట్టుకుంటి. నువ్వు నీడన నిలబడి మిషను తిప్పుకోమ్మే" అంది. కదిరి పక్కనుంచి వచ్చి బెంగుళూరులో ఎన్ని మేడలకు ఎన్ని గంపల కాంక్రీటు ఎత్తిందో ఆమెకే లెక్క తెలియదు. తన ఇంటి పిల్ల ఇనుమును వెన్నలా చెక్కుతుందంటే ఆమెకు ఎంత గొప్పగా ఉండేదో, వీధి కుళాయి దగ్గర ఆమె మాట విన్నవాళ్ళకు తెలుసు.

ఆ ఆదివారం కోటు జేబులో ఇనుప పొట్టుతో పాటు చిన్న స్టీలు కుంకుమ భరిణె తగిలింది. 'ఇదేం విడ్డూరం' అనుకుంటూ మూత తీసింది. లోపల పసుపు కుంకాల మధ్య నల్లపూసలు చుట్ట చుట్టుకుని ఉన్నాయి. వాటి కింద తాళిబొట్టు.

సొన్నమ్మ చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. మొగుడు పోయి పదహారేళ్ళయింది, అప్పటి నుంచి తాళి అన్నది ఆమె వేలికి తగల్లేదు. భరిణెను కొంగుతో పట్టుకుని లేచింది.

"అనితా!"

"వస్తాండా అత్తా. చట్నీ తాలింపు పెడతాండా."

"తాలింపు మాడితే మాడనీ. ఇట్లా రా."

అనిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అత్త చేతిలో భరిణె చూడగానే ఆ పిల్ల చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయింది. నైటీ పైగుండీ పెట్టుకుని ఉంది. మెడలో ఏమీ లేదు.

"నిన్న సాయంత్రం బస్సు కదిలిపోతాందని పరిగెత్తినానత్తా. వేసుకునేది మర్సిపోతిని."

"వేసుకునేది మర్సిపోయినావు, సరే. తీసిందెందుకు?"

అనిత తల వంచుకుంది. పొయ్యి మీద ఆవాలు చిటపటలాడడం ఆగిపోయింది.

"రోజూ తీస్తానత్తా. మిషను దగ్గర మెడలో, చేతుల్లో ఏమీ ఉండకూడదు. గాజులు, ఉంగరం, గొలుసు, అన్నీ తీసి లాకర్లో పెట్టాల. అక్కడి రూలు."

"నాలుగు నెలల నుంచి రోజూ నా కొడుకు కట్టిన తాళి తీసి ఇనప బీరువాలో పడేస్తాండావా?"

"పడెయ్యనత్తా..."

"గాజులు తీసి టిఫిను సంచిలో వేసుకొని పోతాంటే చూసి కూడా నోరు మూసుకుంటిని. పోనీలే, చేతిపని అనుకుంటిని. నువ్వు చెయ్యి దాటి మెడ దాకా పోయినావా!"

కొడుకు నాగేంద్ర నోట్లో బ్రష్షుతో వాకిట్లోంచి తొంగి చూశాడు. హూడి వైపు ఎత్తైన అద్దాల మేడలకు బయటినుంచి అద్దాలు తుడిచే పని అతనిది. నడుముకు బెల్టు కట్టుకుని, తాడు మీద వేలాడుతూ పొద్దంతా గాలిలోనే ఉంటాడు. వారానికొక్క సెలవు, అదీ ఇట్లా తెల్లవారింది.

"నీకు తెలుసునా ఇది?" అని అడిగింది తల్లి.

నాగేంద్ర ఉమ్మేసి నోరు కడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. "తెలుసుమ్మా. మొదటి దినమే చెప్పింది. నువ్వు బాధపడతావని నేనే చెప్పొద్దంటి."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సొన్నమ్మ ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు తేలారు. కోడలు దాచిందన్న కోపం కంటే కొడుకు కూడా కలిసి దాచాడన్న బాధ ఎక్కువైంది.  అయినా కోటు ఉతికి ఆరేసింది, ఎప్పటికంటే గట్టిగా బండకేసి బాది మరీ ఉతికింది.

భోజనాలయ్యాక రెండిళ్ళ అవతలి పుల్లమ్మను పిలుచుకొచ్చింది. పుల్లమ్మ ముత్తయిదువ, పైగా ఊళ్ళో వాళ్ళ గొడవ తన గొడవే అనుకునే మనిషి. సొన్నమ్మ తొమ్మిది పోగుల పసుపు దారం పేని, మొగుడు పోయిన తన చెయ్యి తాళికి తగలకుండా భరిణెతోనే పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. పుల్లమ్మ దానికి తాళిబొట్టు, నల్లపూసలు ఎక్కించి, అనిత మెడకు దగ్గరగా, తల మీదుగా రాకుండా కట్టింది. ముడి మీద ముడి వేసి, పైన ఇంకో ముడి వేసింది.

"ఇంక యముడొచ్చినా విప్పలేడు పో" అని నవ్వింది పుల్లమ్మ.

అనిత ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పళ్ళెం పట్టుకున్న అత్త చేతులు వణకడం ఆ పిల్ల చూసింది. సొన్నమ్మకు మాత్రం ఆ మౌనం లొంగిపోవడంలాగే కనిపించింది.

సోమవారం పొద్దున్నే కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని అనిత వెళ్ళింది. పదకొండుకల్లా తిరిగి వచ్చింది.

"ఏమ్మే, సెలవా?"

"ఊఁ."

చేట ముందేసుకుని చిక్కుడుకాయలు తుంచసాగింది. మంగళవారం అసలు కదల్లేదు. సొన్నమ్మకు అనుమానం వచ్చినా అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆమె భయం.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చిన నాగేంద్ర అడిగాడు. "శనివారం ఫైనల్ టెస్టు పెట్టుకొని ఇంట్లో కూర్చున్నావేంది?"

అప్పుడు బయటపడింది. సోమవారం మిషను మీదికి వంగి చూస్తుంటే కోటు మెడ దగ్గర ముడి కొసలు జారి బయటికి వేలాడాయి. అది చూసి మార్త మేడం ఒక్క అంగలో వచ్చి ఎర్ర బటను కొట్టి మిషను ఆపేసింది. అందరి ముందూ తిట్టలేదు కానీ, "ఇంటికి పో. మెడ ఖాళీ చేసుకొని రా, లేదంటే రావద్దు" అంది. శనివారం టెస్టు చూడడానికి బొమ్మసంద్ర ఫ్యాక్టరీ వాళ్ళు కూడా వస్తున్నారు. ఆ రోజు మిషను ముందు నిలబడని వాళ్ళకు సర్టిఫికెట్టూ లేదు, ఉద్యోగమూ లేదు. నాలుగు నెలల కష్టం గంగపాలు.

"ఇంట్లో కత్తెర లేదా?" అంటూ నాగేంద్ర గూట్లోకి చెయ్యి పెట్టాడు.

అనిత ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దు. అత్త కట్టించింది, అత్తే విప్పించాల. దొంగతనంగా తీసింది చాలు."

"నేను విప్పించను" అంది సొన్నమ్మ.

"ఎందుకమ్మా? అది దొంగతనం చేస్తాందా, తిరగబోతాందా? పని నేర్చుకుంటాంది! తాళి తీస్తే నాకేమో అయిపోతాదని నీ భయం, అంతే గదా? నన్ను కాపాడేది ఈ బెల్టుమ్మా. రెండు తాళ్ళు, రెండు కొక్కేలు. దాని మెడలో దారం కాదు."

"మీ నాయనకు బెల్టు లేదు కదరా!"

సొన్నమ్మ అరిచిన ఆ మాటకు అనిత మొగుడి చెయ్యి వదిలేసింది. ఆమె గోడకు చేరగిలబడి, మోకాళ్ళు పట్టుకుని కిందికి కూర్చుంది. పదహారేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"మీ నాయన పోయిన దినం పొద్దున, నా తాళి దారం చివికిపోయిందని తీసి గూట్లో పెట్టినా. కొత్త దారం పేనుకుందామని. అంతలో నీళ్ళ ట్యాంకరు వచ్చె. బిందెలెత్తుకొని ఉరికితిని. ఆ నీళ్ళు, నీ సద్ది, పని టైము... కట్టుకునేదే మర్సిపోతిని. ఖాళీ మెడతో పనికి పోతిని. పదకొండు గంటలకు మీ నాయన మూడో అంతస్తు నుంచి పడిపాయె."

నాగేంద్ర తల్లి పక్కన కూర్చున్నాడు. అప్పుడతనికి పదేళ్ళు. నాయన పడిపోవడం తెలుసు గానీ ఇది తెలియదు.

"పదో దినం నా తాళి తెంచేదానికి అందరూ చుట్టూ కూర్చుంటే, మెడలో ఏదీ? గూట్లోంచి తెచ్చి, నా మెడలో వేసి, మళ్ళా తెంచిరప్పా. ఒక ముసలామె అనె, 'ముందే తీసి పెట్టుకునిందే' అని. ఆ మాట ఈ పొద్దుటికీ నా చెవిలో ఉండాది. నువ్వు దినామూ పదైదో అంతస్తు మీద వేలాడతావు. ఈ పిల్ల ఈడ మెడ ఖాళీ చేసుకొని నిలబడతాది. నేను ఇంట్లో ఎట్లా కూర్చునేది? నా ప్రాణం యాడ పెట్టుకునేది?"

అనిత అత్త పాదాల దగ్గర కూర్చుని ఆమె మోకాళ్ళు మెల్లగా ఒత్తసాగింది. ఏం చెప్పినా ఆ పూట చిన్నమాటే అవుతుందని ఆ పిల్లకు తెలుసు. ఆ రోజు ముగ్గురూ మజ్జిగ తాగి పడుకున్నారు.

బుధవారం పొద్దున సొన్నమ్మ లేచేసరికి అనిత వంటగదిలో చపాతీ కర్రను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది. ఒక కన్ను మూసి, కర్రను మెల్లగా తిప్పుతూ, బొటనవేలితో తడుముతోంది. అత్త వెనక నిలబడిందని తెలియదు. ట్రైనింగుకు పోవడం మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువునూ ఆ పిల్ల ఊరికే వదల్లేదు. గ్లాసు అంచు, రోకలి పొన్ను, కుక్కరు మూత, అన్నిటికీ పరీక్ష పెట్టేది.

"ఏమంటాంది ఆ కర్ర?" అని అడిగింది సొన్నమ్మ.

అనిత ఉలిక్కిపడి నవ్వేసింది. "నడుమ రవ్వంత లావుండాదత్తా. అందుకే చపాతీ అంచు మందంగా వస్తాంది. మిషను మీద పెడితే రెండు నిమిషాల పని." అని, ఇంక మిషను లేదని గుర్తొచ్చిందేమో, కర్రను మెల్లగా గూట్లో పెట్టేసింది.

సొన్నమ్మ ఆ కర్ర వైపే చూసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఒక్క మాట అనదు, ఒక్కసారి విసుక్కోదు. ఇంట్లో గంప మోసే బతుకు తనతోనే ఆగిపోవాలని ఎందరు దేవుళ్ళకు మొక్కుకుందో తనకే తెలుసు. ఇప్పుడు ఆ వాకిలి మూసేస్తున్నదీ తనే. కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించింది. చివరికి తనకు తోచిన మధ్యేమార్గం ఒకటి దొరికింది. బంగారం, పూసలు తీసేసి ఒట్టి పసుపు దారం మెడలో ఉంచితే చాలు. బీదాబిక్కీ బంగారం లేనప్పుడు పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టుకోవడం లేదా? దారమంటే దూది. ఇంత ఇనుప మిషనుకు దూదిపోగు ఏం అడ్డం?

"కోటు తొడుక్కో. నేనూ వస్తాండా. మీ మేడమ్ముతో నేను మాట్లాడతా" అంది. పసుపు దారం ఉండ ఒకటి నడుము సంచిలో దోపుకుంది.

సెంటరు లోపల అడుగు పెట్టగానే నూనె వాసన, వేడెక్కిన ఇనుము వాసన, మిషన్ల హోరు. పన్నెండు మంది ఆడపిల్లలు నీలం కోట్లలో, జుట్టు టోపీల్లోకి దోపుకుని, ఎవరి మిషను ముందు వాళ్ళు నిలబడి ఉన్నారు. సొన్నమ్మ కళ్ళు ముందుగా వాళ్ళ మెడల మీదికే పోయాయి. పన్నెండు మెడలూ ఖాళీ. నడుము సంచిలో దారం ఉండను తడిమి చూసుకుంది.

మార్త మేడంకు యాభై దాటి ఉంటాయి. కోలారు వైపు మనిషి. పొట్టి జుట్టు, మందపాటి కళ్ళద్దాలు. అనిత మెడ వైపు ఒకసారి చూసి, సొన్నమ్మకు స్టూలు లాగి వేసింది.

"కూర్చోండమ్మా. నన్ను తిట్టేదానికి వచ్చినారా?"

"తిట్టేదానికి కాదు మేడమ్మా, అడిగేదానికి వచ్చినా. బంగారం తీసేస్తాం. నల్లపూసలు తీసేస్తాం. ఈ దారం ఒక్కటి ఉండనీ. దూదిదే కదా. ఇనుమును ఇదేం చేస్తాది?"

మార్త మేడం ఆ పసుపు ఉండను చేతిలోకి తీసుకుని చూసింది. ఎగతాళి చెయ్యలేదు.

"ఇనుమును ఇదేమీ చెయ్యదమ్మా. దీన్ని ఇనుము ఏం చేస్తాదో చూస్తారా?"

మూరెడు దారం తెంపి ముడి వేసింది. దాన్ని ఒక పొడుగాటి సన్నకర్ర చివరకు దండ వేసినట్టు వేసి గట్టిగా కట్టింది. అందరినీ దూరంగా జరగమని, సొన్నమ్మను ఒక రేకు అడ్డం వెనక నిలబెట్టి, లేత్ మిషను ఆన్ చేసింది. చక్ అనే గుండ్రటి ఇనుప పిడికిలిలో బిగించిన కడ్డీ తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి, ఎంత జోరుగా తిరిగిందంటే, కదలకుండా నిలబడినట్టే కనిపించింది.

"తిరుగుతాందా, నిలబడిందా?" అని అడిగింది మార్త మేడం.

"నిలబడినట్టుండాది" అంది సొన్నమ్మ.

"అదే దీని మాయ."

మేడం కూడా రేకు వెనకే నిలబడి, కర్రను దూరం నుంచి మెల్లగా చాపింది. వేలాడుతున్న దారం కొస కడ్డీని తాకిందో లేదో, టప్‌మని చప్పుడైంది. దారం లేదు. కర్ర చివర విరిగిపోయి ఎక్కడో రేకుకు తగిలి కింద పడింది. సొన్నమ్మ రెప్ప వేసి తీసేలోగా అంతా అయిపోయింది. మేడం మిషను ఆపింది. కడ్డీకి పసుపు దారం పోగు పోగునా బిగుసుకుపోయి ఉంది. అందులోనే విరిగిన కర్రది ఇంకో ముక్క ఇరుక్కుని ఉంది.

"సోమవారం మీ కోడలి మెడ దీనికి జానెడు దూరంలో ఉండె" అంది మార్త మేడం. "నాకూ మా అమ్మ ఇచ్చిన సిలువ ఉంది. తొమ్మిది నుంచి ఐదు దాకా అది సొరుగులో. దేవుడు కోప్పడలేదు ఇంతవరకూ."

సొన్నమ్మకు ఆ మాటలు సగమే వినిపించాయి. ఆమె అనిత మెడ చూస్తోంది. ఆదివారం తాను దగ్గరుండి బిగించిన ముడి, యముడొచ్చినా విప్పలేడని పుల్లమ్మ నవ్విన ముడి. యముడు విప్పడానికి రాడు, లాగడానికి వస్తాడని ఆ క్షణాన ఆమెకు అర్థమైంది.

"ఇట్లా తిరగమ్మే" అంది.

అనిత వెనక్కి తిరిగింది. సొన్నమ్మ రెండు చేతులతో ముడి పట్టుకుంది. ముడి బిగుసుకుపోయి గోరు దిగలేదు. ఎవరో బ్లేడు అందించారు. "వద్దు, కొయ్యకూడదు" అంటూ వంగి పళ్ళతో పట్టి లాగింది. నోటికి పసుపు వగరు, కోడలి మెడ మీది చెమట ఉప్పు తగిలాయి. ఒక ముడి, రెండో ముడి, మూడోది. దారం ఊడి అరచేతిలోకి వచ్చాక గాని తాను తాళి ముట్టుకున్నానన్న సంగతి ఆమెకు తట్టలేదు.

"నా తల్లీ, నేనే నిన్ను..." అని మాట పూర్తి చెయ్యలేక అనితను గుండెకు అదుముకుంది.

అనిత ఆమె వీపు నిమురుతూ మెల్లగా అడిగింది. "అత్తా, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. మొదటి వారం మేడం మాకు ఒకటి నేర్పించినారు. ఏదైనా ప్రమాదమైతే, రాత అనొద్దు, శకునం అనొద్దు. ఏది లూజుగా ఉండె, ఏది తెగె, ముందు ఎవరు చూసుకోలేదు, అది అడగాల అని. ఆ దినం మామ పడ్డప్పుడు ఏది తెగింది?"

"ఎక్కి నిలబడే సారువ కట్టెకు కట్టిన మోకు తాడు" అంది సొన్నమ్మ తడుముకోకుండా. "నానీ నానీ కుళ్ళిపోయి ఉండె. ఇది ఆగదప్పా, మార్చమని వారం ముందే మేస్త్రీకి చెప్పినాడు మీ మామ. రేపు, రేపు అనె వాడు..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. మోకు కుళ్ళిన సంగతి పదహారేళ్ళుగా తెలుసు. తన మెడ ఖాళీగా ఉన్న సంగతీ పదహారేళ్ళుగా తెలుసు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది తన మొగుడు గంగన్నను పడేసిందని మాత్రం ఎవరూ ఆమెను అడగలేదు, తనను తానూ ప్రశ్నించుకోలేదు. మేస్త్రీ చేసిన తప్పును తాళి పేరు పెట్టి తన మెడకే కట్టుకుని ఇన్నాళ్ళూ మోసింది.

"నా వల్ల కాదా అయితే?" అంది చిన్నపిల్లలా.

"కాదత్తా."

సొన్నమ్మ స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పదో దినాన కూడా అంత ఏడవలేదు. ఆ రోజు ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనుకుంది. పన్నెండు మంది పిల్లలూ మిషన్లు ఆపి చుట్టూ నిలబడ్డారు. మార్త మేడం గ్లాసుతో నీళ్ళిచ్చి, "కొంచెం తాగండమ్మా" అని, పిల్లల వైపు తిరిగి, "ఏమే, సినిమానా ఇది? పోండి" అని గదమాయిస్తూ తానూ కళ్ళద్దాలు తుడుచుకుంది.

తాళిని ఇనప లాకర్లో పెట్టడానికి మాత్రం సొన్నమ్మకు మనసొప్పలేదు. అనిత సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. పసుపు కుంకాల మధ్య తాళిని చుట్ట చుట్టి పెట్టడం సొన్నమ్మ దగ్గరినుంచి చూసింది. నాలుగు నెలలూ ఆ పిల్ల ఇట్లాగే పెట్టిందన్నమాట. ఆదివారం ఆ భరిణెలో తాళి ఒక్కటే కనిపించింది తనకు, చుట్టూ ఉన్న పసుపు కుంకాలు కనిపించలేదు.

"దీన్ని నువ్వే పెట్టుకో అత్తా" అంది అనిత.

"నేనా? పసుపు కుంకాలు లేనిదాన్ని..."

"ఇప్పుడే పండ్లతో విప్పినావు. ఇంకా ఏం మిగిలుండాది?"

సొన్నమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. భరిణెను నడుము సంచిలో పెట్టుకుని, సాయంత్రం దాకా గేటు పక్కన సిమెంటు రేకుల కింద కూర్చుంది. ఇంటికి పొమ్మని వాచ్‌మన్ రెండుసార్లు చెప్పాడు. "నా దగ్గర ఒకరి సొమ్ముండాదప్పా, అప్పజెప్పి పోవాల" అంది.

ఆ పూట పసుపు దారాన్ని పొడుగ్గా, తల మీదుగా సులువుగా తీసి వేసుకునేటట్టు పేనింది. మెడలో వెయ్యడానికి మళ్ళీ పుల్లమ్మనే పిలిచింది. పాత అలవాటు ఒక్క పూటలో పోతుందా? "ఇంత వదులుగానా?" అని పుల్లమ్మ మూతి విరిచింది. "అంతే వదులుగా" అంది సొన్నమ్మ. మర్నాడు పొద్దున కొడుకు పనికి బయలుదేరుతుంటే వాకిట్లో ఆపింది.

"బెల్టు ఇట్లా తే."

"ఎందుకమ్మా?"

"తే అంటే తే."

రెండు కొక్కేలూ లాగి చూసింది. కుట్లు తడిమింది. తాడు మూరెడు మూరెడు వేళ్ళ మధ్య జరిపి ఎక్కడైనా చివికిందేమోనని చూసింది. "దినామూ చూపించే పో. చివికింది కనిపిస్తే రేపు, మాపు అనే మేస్త్రీకి నేను ఫోను చేస్తా" అంది. నాగేంద్ర తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం నిలబడ్డాడు. వాడికి బెల్టు కట్టుకోవడం కాపుదల, కోడలికి మెడ విప్పుకోవడం కాపుదల. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు పట్టిందే అనుకుంది సొన్నమ్మ.

శనివారం టెస్టు. అనిత భరిణె అత్త చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. సొన్నమ్మ గేటు పక్కన తన చోట కూర్చుంది. లోపల మిషన్లు మోగుతుంటే సంచి మీద చెయ్యి వేసుకునే ఉంది. ఒక మిషను ఆగిన చప్పుడైతే లేచి నిలబడేది, మళ్ళీ మోగితే కూర్చునేది. మధ్యాహ్నం తెచ్చుకున్న సద్ది విప్పనేలేదు.

నాలుగున్నరకు తలుపు తోసుకుని అనిత పరిగెత్తుకొచ్చింది. కోటు మీద నూనె మరకలు, బుగ్గ మీద ఒక నల్లటి గీత.

"అయిందత్తా! కడ్డీ చివర మర తీసినాను చూడు, నట్టు అట్లా జారుకుంటా ఎక్కింది. ఫ్యాక్టరీ సారు దాన్ని మూడుసార్లు తిప్పి చూసినాడు. సోమవారం నుంచి పనికి రమ్మన్నారు!"

సొన్నమ్మ ఆ పిల్ల రెండు బుగ్గలూ పట్టుకుంది. నూనె మరక తన చేతికంటినా తుడుచుకోలేదు. "పద, ఇంటికి పోదాం. పుల్లమ్మను పిలిచి మెడలో వేయిస్తా" అంది.

"పుల్లత్త దాకా ఎందుకు? నాకు ఇప్పుడే కావాల."

"ఇప్పుడు ఈడ ఎవరుండారే ముత్తయిదువ?"

అనిత టోపీ తీసి, అత్త ముందు తల వంచి నిలబడింది.

గేటు ముందు బస్సులు పోతున్నాయి. పని విడిచిన జనం చందాపుర వైపు నడుస్తున్నారు. సొన్నమ్మ అలవాటుగా అటూ ఇటూ చూసింది, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరూ చూడటం లేదు. చూసినా ఇంక ఫర్వాలేదనిపించింది. సంచిలోంచి భరిణె తీసి మూత తెరిచింది. ఉంగరపు వేలితో చిటికెడు కుంకుమ తీసి కోడలి నుదుట దిద్దింది. తాళిని రెండు చేతులతో పైకి ఎత్తింది. ఈసారి చేతులు వణకలేదు.

"జడ పక్కకు తియ్యమ్మే" అంది.